ఇట్లు, తమ విధేయ తిరుగుబాటుదారులు

రాజు మీద తిరగబడాలనుకునేవారికి ముందుగా కావలసింది కత్తి కాదు, వినయం. ఈ విద్యలో డచ్చివారికి సాటి లేరు. 1568 నుంచి 1648 దాకా తమను ఏలే స్పెయిన్‌తో ఎనభై ఏళ్లు కొట్లాడారు. అందులో మొదటి పదమూడేళ్లూ ఆ స్పెయిన్ రాజుగారి పేరు మీదే కొట్లాడారు!

యుద్ధానికి రెండేళ్ల ముందు, ప్రొటెస్టెంట్లను వేటాడటం ఆపమని కొందరు చిన్న ప్రభువులు బ్రస్సెల్స్‌లో అర్జీ పెట్టుకున్నారు. కొలువులో ఎవరో వాళ్లను బిచ్చగాళ్లన్నారట. వాళ్లు చిన్నబుచ్చుకోలేదు. ఆ పేరే ఖాయం చేసుకుని, బిచ్చపు చిప్పల్ని చిహ్నంగా పెట్టుకున్నారు. ఆ తర్వాత ప్రొటెస్టెంట్ల చేతుల్లో కాథలిక్ చర్చిల్లో విగ్రహాలు పగిలాయి. 1559లో డచ్చి దేశం విడిచి వెళ్లిన స్పెయిన్ రాజు రెండో ఫిలిప్ తాను రాకుండా ఆల్బా డ్యూక్‌ను, దాదాపు పది వేల సైన్యాన్ని పంపాడు.

ఆల్బా పద్ధతి గల మనిషి. చంపాలన్నా ముందు ఒక విచారణ మండలి ఉండాలంటాడు. ఆ మండలి వెయ్యి మందికి పైగా ప్రాణాలు తీసింది. ఫిలిప్ కోసం యుద్ధాలు గెలిచిన ఎగ్మాంట్ ప్రభువు తల కూడా 1568లో నడిబజారులో తెగింది. విధేయత ఎక్కువైనా కష్టమే మరి.

తలలు పోతున్నప్పుడు పళ్లబిగువున ఓర్చుకున్న జనానికి, సరుకు అమ్మిన ప్రతిసారీ పదో వంతు పన్ను అని ఆల్బా అనేసరికి ఎక్కడలేని టెన్షన్ పట్టుకుంది. వర్తకులు కొట్లు కట్టేశారు. 1572 ఏప్రిల్ 1న ‘సముద్రపు బిచ్చగాళ్లు’ అనే ఓడల మీది తిరుగుబాటుదారులు బ్రిల్ రేవును పట్టుకున్నారు.

నాయకుడు ఆరెంజ్ విలియం చెప్పిన సిద్ధాంతం ఒక్కటే: రాజుగారు దేవుడు, చుట్టూ చేరిన కోటరీయే చెడ్డది. మన పోరు కోటరీ మీదే. ఈ మాటను అక్షరాలా పాటించారు. 1574లో లైడెన్ నగరాన్ని స్పెయిన్ సేన ముట్టడిస్తే, గట్లు తెగ్గొట్టి, పొలాలు ముంచి, ఆ నీళ్ల మీద పడవల్లో వచ్చి విడిపించారు. మరుసటి ఏడాది అక్కడే విశ్వవిద్యాలయం పెట్టారు. దాని స్థాపన పత్రం ఎవరి పేరున? సాక్షాత్తు ఫిలిప్ మహారాజు పేరున! ఆయనకు ఆ సంగతి తెలిసి ఎంత మురిసిపోయాడో.

మురిసిపోయిన దాఖలా అయితే లేదు. 1580లో విలియం తలకు 25,000 బంగారు నాణేల వెల కట్టాడు. వినయానికీ హద్దుంటుంది కదా, 1581లో ‘మీరిక మా రాజు కారు’ అని రాసిచ్చేశారు.

రాసిచ్చాక బెంగ పట్టుకుంది, ఇప్పుడు ఎవరికి విధేయులుగా ఉండాలి? ఫ్రెంచి రాజు తమ్ముడు ఆంజూను తెచ్చుకుంటే, అతడు ఆంట్వెర్ప్‌నే ఆక్రమించబోయి తన్నులు తిన్నాడు. ఫ్రాన్స్ రాజు వద్దన్నాడు. ఇంగ్లండ్ రాణి ఎలిజబెత్ కిరీటం వద్దని, బదులుగా లెస్టర్ ప్రభువును పంపింది. ఆయన 1587లో పెట్టే బేడా సర్దుకున్నాడు. ఇక రాజులెవరూ దొరక్క, గతిలేక గణతంత్రం అయ్యారు. యుద్ధం నడుస్తుండగానే వీలు చూసుకుని మన మచిలీపట్నంలో వర్తకస్థావరం కూడా తెరిచారు.

ఇప్పటికీ వాళ్ల జాతీయగీతం మొదటి చరణం ‘స్పెయిన్ రాజును నేనెప్పుడూ గౌరవించాను’ అనే ముగుస్తుంది. 2010 ప్రపంచకప్ ఫుట్‌బాల్ ఫైనల్‌లో స్పెయిన్‌ను ఎదుర్కొన్నప్పుడూ అదే గీతం. అది అయ్యాక ఆటలో ఒక డచ్చి వీరుడు స్పెయిన్ ఆటగాడి ఛాతీ మీద కాలితో తన్నాడు. చివరికి 1-0తో స్పెయిన్‌నే గెలిపించారు.