శవం హీరో అయితే మీకు వచ్చిన కష్టమేమిటి?

మళ్ళీ వచ్చింది ఆ సందేశం. ఈసారి హన్మకొండలో నాతో డిగ్రీ చదివిన మిత్రుల వాట్సాప్ బృందంలో. అంతకుముందు అపార్ట్‌మెంట్ వాళ్ళ బృందంలో, దానికి ముందు పెళ్ళిళ్ళప్పుడు తప్ప పలకరించుకోని బంధువుల బృందంలో. పంపేవాళ్ళు మారుతున్నారు, అచ్చుతప్పులు మాత్రం మారడం లేదు. అంటే చదవకుండానే పంపుతున్నారన్నమాట.

ఇంకా అందని అదృష్టవంతుల కోసం సారాంశం చెబుతాను. చచ్చి లేచిన శవాన్ని హీరోగా పెట్టి, నవ్విస్తూ భయపెట్టే కామిక్ పుస్తకాలు మన పిల్లల చేతికి వస్తున్నాయి. అవి మన సంస్కృతి కావు. అసలు బొమ్మల్లో కథ చెప్పడమే విదేశీ అలవాటు. వాటి వల్ల పిల్లలు పాడవుతారని శాస్త్రవేత్తలు నిరూపిస్తే అమెరికా ప్రభుత్వం 1954లోనే నిషేధించింది. బొమ్మల మధ్య క్షుద్ర మంత్రాలు దాచారు. చావును ఎగతాళి చేయడం నేర్పుతాయి. వరంగల్ దగ్గర ఒక ఊళ్ళో ఇలాంటి పుస్తకం చదివిన పిల్లవాడు మంచం పట్టాడు. ఆ పుస్తకం ఇచ్చిన ముసలావిడకు చేతబడి వచ్చునట. మీ ఊళ్ళో అలాంటివాళ్ళు ఉంటే కనిపెట్టండి. వెంటనే పదిమందికి పంపండి.

మంత్రాల సంగతి ముందు తేల్చేద్దాం. సందేశంతో పాటు వచ్చిన ఫొటోలో ఎర్రగీత గీసి చూపించిన మంత్రం, వెనక అట్ట మీది బార్‌కోడ్. అయిపోయింది.

మన సంస్కృతి కాదట. ఇది రాసినాయన చందమామ చూడకుండానే పెద్దవాడయ్యాడా? 1947 జులైలో మొదలైన ఆ పత్రిక ఇంటికి రాగానే పిల్లలు ముందుగా వెతుక్కున్న బొమ్మ ఏది? ఒక చేతిలో కత్తి, భుజం మీద శవం, దారి పొడవునా పుర్రెలు, పాములు. శంకర్ గీసిన ఆ బొమ్మ చూసి జడుసుకుంటూనే కదా మనం అక్షరాలు కూడబలుక్కున్నది. పైగా ఆ కథల్లో రాజు నోరు తెరిస్తే పని చెడుతుంది. కథ చెప్పేదీ, చిక్కు ప్రశ్న వేసేదీ, తెలిసి చెప్పకపోతే తల పగులుతుందని బెదిరించేదీ, చివరికి మళ్ళీ చెట్టెక్కి కూర్చునేదీ శవంలో దూరిన బేతాళుడే. హీరో ఎవరో మీరే తేల్చండి. సోమదేవుడు ఆ పాతిక కథలను కాశ్మీరంలో కూర్చుని కథాసరిత్సాగరంలోకి ఎక్కించింది పదకొండో శతాబ్దంలో. ఆయనను ఏ అమెరికా కంపెనీ చెడగొట్టిందో కనుక్కోవాలి.

ఇంకొకటి. ఈ సందేశం మా బృందంలో పెట్టిన పెద్దాయనే రోజూ తెల్లారేసరికి ఆనాటి రాహుకాలం ఎప్పుడో మా అందరికీ పంపుతారు. తల తెగినా చావక, మొండెం లేకుండా సూర్యచంద్రులను మింగబోతూ తిరిగేవాడికి రోజుకు గంటన్నర రాసిచ్చిన జాతి మనది. కామిక్‌లో శవానికి నెలకు ఓ పాతిక పేజీలు ఇస్తే సంస్కృతి కూలిపోతుందా?

బొమ్మల్లో కథ చెప్పడం విదేశీ అలవాటు అన్న ముక్క మాత్రం మన దగ్గర ఎవరూ అనకూడనిది. చేర్యాల ఎంత దూరం? 2016లో జిల్లాలు విడదీసేదాకా అది మన వరంగల్ జిల్లాలోనిదే. చింతగింజల జిగురు పట్టించిన బట్ట మీద, ఎర్రటి నేపథ్యంలో, అడ్డంగా పట్టీలు విడదీసి నకాషీ చిత్రకారులు పటం గీసేవారు. ఆ పటాన్ని కొంచెం కొంచెంగా విప్పుతూ, ఏ బొమ్మ వస్తే ఆ ఘట్టం పాడుతూ కథకులు పద్మశాలీలకు మార్కండేయుడి కథ చెప్పేవారు. ప్రాణం తీయడానికి వచ్చిన యముడు ఓడిపోయి వెళ్ళే కథ. ఊరంతా రాత్రంతా కూర్చుని చూసేది. దాన్ని కామిక్ అంటే నకాషీ వాళ్ళకు తక్కువవుతుందేమో గానీ, కామిక్‌ను పరాయిది అనడానికి మాత్రం వీల్లేదు.

ఒకటి నిజమే. చచ్చి లేచి నడిచే ఆ జాంబీ మన దగ్గర పుట్టలేదు. హైతీలో పుట్టింది. ఆఫ్రికా నుంచి ఓడల్లో తెచ్చిన బానిసలతో ఫ్రెంచి దొరలు చెరకు పండించుకున్న దేశం అది. బతికినన్నాళ్ళూ చాకిరీయే, చస్తేనైనా విడుదల అని ఎదురుచూసే మనిషిని ఇంకేమి చెప్పి భయపెట్టగలం? చచ్చాక కూడా మంత్రగాడు లేపి మళ్ళీ తోటలోకే తోలతాడని చెప్పాలి. ఆ పాత కథల్లో జాంబీ ఎవరినీ కరవదు, ఎవరి మెదడూ తినదు; తలవంచుకుని పనిచేస్తుంది, అంతే. మెదళ్ళు తినడం తర్వాత సినిమాలవాళ్ళు తగిలించిన హంగు. ఆ శవాన్ని చూస్తే నాకు అమెరికా గుర్తుకు రాదు, వెట్టి గుర్తుకు వస్తుంది. విసునూరు దేశ్‌ముఖ్ గడీ ముందు చేతులు కట్టుకున్న తరాలు గుర్తుకు వస్తాయి. పాలకుర్తిలో తన పంట కోసం ఐలమ్మ నిలబడకపోతే ఆ చాకిరీ ఇంకెన్ని తరాలు నడిచేదో. చచ్చినా వెట్టి తప్పని మనిషి బొమ్మ మనకు అర్థం కాదంటే నేను ఒప్పుకోను.

ఇక అమెరికా నిషేధం. ప్రభుత్వం అలాంటిదేమీ చేయలేదు. 1954లో సెనేట్ ఉపసంఘం ఒకటి విచారణ జరిపింది, ప్రచురణకర్తలను పిలిచి నిలదీసింది. చట్టం మాత్రం రాలేదు. వస్తుందేమోనని భయపడిన ప్రచురణకర్తలే ఆ ఏడాది ఒక నియమావళి రాసుకుని, నడిచే శవాలు, రక్తపిశాచులు, నరమాంస భక్షణ ఉండకూడదని తమకు తామే ఆంక్ష పెట్టుకున్నారు. ఆ నియమావళి ముద్ర లేని పుస్తకాన్ని దుకాణాలకు చేర్చడానికి పంపిణీదారులు వెనకాడారు. భయానక కామిక్స్‌కు పేరుమోసిన ఈసీ సంస్థ వాటిని ఆపేసుకుంది. 1971లో నియమాలు సడలించినప్పుడు రక్తపిశాచికి అనుమతి దొరికింది, డ్రాక్యులాది పెద్దింటి సాహిత్యం కదా! నడిచే శవానికి దొరకలేదు. మార్వెల్ కామిక్స్ కంపెనీ వాళ్ళు ఏమి చేశారనుకున్నారు? శవాన్ని శవంగానే ఉంచి, ‘జువెంబీ’ అని కొత్త పేరు పెట్టి నడిపించారు. నియమావళి సంతృప్తి చెందింది. 2011 నాటికి చివరి కంపెనీలు కూడా దాన్ని వదిలేశాయి.

శాస్త్రవేత్తలు నిరూపించారన్న మాట ఫ్రెడ్రిక్ వర్థమ్ అనే మానసిక వైద్యుడి పుణ్యం. 1954లో ఆయన రాసిన పుస్తకమే ఈ గోలంతటికీ ఊపిరి. ఆయన మరణించిన చాలా ఏళ్ళకు ఆయన దాచుకున్న కాగితాలు పరిశోధకుల చేతికి వచ్చాయి. కారోల్ టిల్లీ అనే ఆచార్యురాలు వాటిని పుస్తకంతో పోల్చి చూసి, పిల్లలు చెప్పిన మాటలను ఆయన మార్చారని, కలిపారని, పెంచారని 2012లో వెల్లడించారు. వర్థమ్ దుర్మార్గుడు కాడు. న్యూయార్క్‌లోని హార్లెంలో పేద నల్లజాతి వాళ్ళకు నామమాత్రపు రుసుముతో వైద్యం చేసిన క్లినిక్ ఆయనదే. కానీ ఆధారాలు దిద్దినప్పుడు ఆ మంచితనం వాటిని నిజం చేయలేదు.

చావును ఎగతాళి చేస్తాయా? చేస్తాయి. అందుకే చదువుతాం. ‘ఐజాంబీ’ అనే కామిక్ 2010 నుంచి 2012 దాకా 28 సంచికలు వచ్చింది. క్రిస్ రాబర్సన్ రాశాడు, మైఖేల్ ఆల్‌రెడ్ బొమ్మలు వేశాడు. హీరోయిన్ చచ్చి లేచిన పిల్ల, శ్మశానంలో గోతులు తవ్వడం ఉద్యోగం. నెలకు ఒక్కసారి శవం మెదడు తినకపోతే తనెవరో మరిచిపోతుంది. తింటే ఆ చచ్చినవాడి జ్ఞాపకాలన్నీ వచ్చి ఆమె తలలో కూర్చుంటాయి, వాడు తీర్చుకోని పని నెత్తిన పడుతుంది. రుచి అసహ్యం, బాధ్యత ఇంకా అసహ్యం. నవ్వు వస్తుంది, ఆ వెంటనే చచ్చినవాడి మీద జాలి కూడా వస్తుంది. బేతాళుడు శవంలో దూరి కథ చెబితే, ఈ పిల్ల శవం కథను తనలో దూర్చుకుంటుంది. నిండుగా బతికిన తాత పోతే డప్పులకు అడుగులేస్తూ సాగనంపే ఊళ్ళు మనవి. పెత్రమాస నాడు పోయినవాళ్ళ పేరిట వండిపెట్టి, అదే సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ ఆడుకునే ఇళ్ళు మనవి. చావు ఎదురుగా నవ్వకూడదని మనకెవరు చెప్పారు?

ఇంతవరకు నవ్వుకుని వదిలేయవచ్చు. ముసలావిడ సంగతి వదలను.

సందేశంలో ఆ భాగం మళ్ళీ చదవండి. పిల్లవాడికి పేరు లేదు. ఊరికి పేరు లేదు. జ్వరానికి పేరు లేదు, చూసిన డాక్టరు లేడు. ముసలావిడకు మాత్రం ఆనవాళ్ళు ఉన్నాయి: భర్త పోయాడు, ఒంటరిగా ఉంటుంది, ఎవరితోనూ ఎక్కువ మాట్లాడదు, ఇంట్లో పాత పుస్తకాలు ఉన్నాయి. మన జిల్లాల్లో ఇలాంటి ఆవిడ లేని ఊరు ఒక్కటి చూపించండి. ఎవరికి కావాలంటే వారు తమ వాడలోని మనిషిని అందులో చూసుకోవచ్చు. ఆవిడకు పొలం తగాదా ఉందనుకోండి, పాలివాళ్ళ పని ఇంకా సులువు.

‘కనిపెట్టండి’ అన్నారు. కనిపెట్టాక ఏమి చేయాలో రాయలేదు. రాయనక్కరలేదు, ఊళ్ళకు తెలుసు. మంత్రం పలకకుండా పళ్ళు పీకడం తెలుసు. చెట్టుకు కట్టడం తెలుసు. 2022 జనవరిలో జగిత్యాలలో ఏమి జరిగిందో అప్పుడే మరిచిపోయారా? చేతబడి చేస్తున్నారన్న అనుమానంతో ఒక తండ్రిని, ఇద్దరు కొడుకులను పట్టపగలు చంపారు. అడవిలో కాదు, పట్టణంలో. దేశంలో జరిగే హత్యల లెక్కలు వేసే జాతీయ సంస్థ కారణాల పట్టికలో మంత్రవిద్యకు విడిగా ఒక గడి ఉంది, ఏటా నిండుతూనే ఉంది. పక్కనున్న మహారాష్ట్ర 2013లో, కర్ణాటక 2017లో ఇలాంటి ఘోరాల కోసమే ప్రత్యేకంగా చట్టాలు చేయాల్సి వచ్చింది. కామిక్ చదివి శవాలు తవ్విన పిల్లవాడిని మీరు ఎక్కడైనా చూశారా? పుకారు విని మనుషులను చంపిన పెద్దవాళ్ళను మాత్రం మనమందరం పేపర్లో చూశాం.

వానాకాలంలో పిల్లవాడు మంచం పడితే అడగాల్సింది ఏ పుస్తకం చదివాడని కాదు సారూ, రక్తపరీక్ష చేయించారా అని. డెంగీ, మలేరియా, టైఫాయిడ్. ఇవి కామిక్స్ చదవనివాళ్ళకు కూడా వస్తాయి.

పిల్లలు కామిక్ చదివి దెయ్యాలను నమ్ముతారనే వాదన కూడా కొత్తది కాదు. 1954 సెప్టెంబరులో స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో వందల మంది పిల్లలు కర్రలూ కత్తులూ పట్టుకుని శ్మశానం మీద పడ్డారు, ఇనప పళ్ళ పిశాచిని పట్టుకోవడానికి. తప్పు అమెరికా కామిక్స్‌దే అని పెద్దలు తీర్పు చెప్పారు. ఆ పిల్లలు చదివిన ఫలానా కామిక్‌లో అలాంటి పిశాచి ఉందని మాత్రం అప్పట్లో ఎవరూ చూపించలేకపోయారు. ఇనప పళ్ళ మృగం బైబిల్‌లో, దానియేలు గ్రంథంలో దొరికింది. దాన్ని నిషేధించమని ఎవరూ అడగలేదు.

పదిమందికి పంపమన్నారు కదా. 2018 మేలో, పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న సందేశాలు నమ్మి మన రాష్ట్రంలోనే అమాయకులను కొట్టి చంపారు. ఆ ఏడాది జులైలో వాట్సాప్ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకసారికి ఐదు చోట్లకు మించి పంపకుండా కట్టడి పెట్టింది. 2020 నుంచి, చాలాసార్లు చేతులు మారిన సందేశమైతే ఒకసారికి ఒక్క చోటికే. అంటే ఇలాంటిదాన్ని పదిమందికి పంపాలంటే పదిసార్లు నొక్కాలి. చదవడానికి లేని ఓపిక దానికి ఎక్కడి నుంచి వస్తోందో నాకు అంతుపట్టడం లేదు.

సరే, మీకు పనికొచ్చే మాట ఒకటి నేనే చెబుతాను. అమెరికాలో చట్టం లేదు గానీ బ్రిటన్ 1955లో చేసింది, దాని వెనకే 1956లో మన పార్లమెంటు కూడా చేసింది. బాలల హానికర ప్రచురణల చట్టం. నేరాలు, హింస, క్రూరత్వం, జుగుప్స గొలిపే సంఘటనలు ప్రధానంగా నింపి, మొత్తం మీద పిల్లలను చెడగొట్టేలా ఉన్న కథల పుస్తకం అమ్మితే ఆరు నెలల దాకా జైలు. ఇరవై ఏళ్ళ లోపు వాళ్ళందరూ ఆ చట్టం లెక్కలో బాలలే. ఇంత ఆయుధం ఇంట్లో పెట్టుకుని అమెరికా దాకా ఎందుకు వెళ్ళారో! ఆ చట్టం ఊరికే పుట్టిందని కూడా నేను అనను. ఇప్పుడు వచ్చే కొన్ని పుస్తకాల్లో నవ్వు పలచబడి నెత్తురు చిక్కబడింది. బొమ్మ మాటకంటే లోతుగా దిగుతుంది, ఎనిమిదేళ్ళ పిల్లవాడికి రాత్రి నిద్ర పట్టకపోవడం నిజమే. ఆ వయసు వాళ్ళకు నేనైతే ఇవ్వను. ‘ఐజాంబీ’ కూడా పెద్దల కోసం వేసిన పుస్తకమే.

కాబట్టి వెళ్ళి ఫిర్యాదు ఇవ్వండి. ఇచ్చేటప్పుడు మీ సందేశం ప్రతి కూడా జతచేయండి. ఆ చట్టం పుస్తకాలతో పాటు కరపత్రాలను కూడా లెక్కలోకి తీసుకుంటుంది. క్రూరత్వానికి పురిగొల్పేది ఏదని అడిగితే కామిక్‌ కంటే ముందు అదే దొరకవచ్చు.

దానికంటే ముందు ముసలావిడ గురించి రాసిన సందేశాన్ని బృందంలోంచి తొలగించండి. ఎలా తొలగించాలో తెలియకపోతే నాకు ఫోన్ చేయండి, చెబుతాను. రాహుకాలం అయినా ఫరవాలేదు.