జాబితా చాలు, ఆ నాటకాలు మళ్లీ ఆడండి

హనుమకొండలో ఔత్సాహిక నాటక సమాజాల వార్షికోత్సవాలకు వెళ్తే చేతిలో ఒక కరపత్రం పెడతారు. వెనక పేజీలో ‘మేము ప్రదర్శించిన నాటకాలు’ అని పొడవాటి జాబితా, పక్కనే వచ్చిన బహుమతులు. గొప్పగానే ఉంటుంది. వీటిలో ఈ ఏడాది మళ్లీ ఆడేది ఏదని అడిగితే మాత్రం నవ్వి ఊరుకుంటారు. స్క్రిప్టు ఎవరింట్లో ఉందో తెలిస్తే అదే ఎక్కువ.

తప్పు ప్రేక్షకులది కాదు, పోటీలదే అంటాను. నాటక పరిషత్తులు పెట్టే పోటీలు, 1998లో మొదలైన ప్రభుత్వ నంది నాటకోత్సవాలు కలిసి సమాజాలకు ఒక లెక్క నేర్పాయి. సీజన్‌కో కొత్త నాటిక, గంటలో తెర పడాలి, జడ్జీల కళ్లు తడవాలి. నాలుగైదు ఊళ్లు తిరిగి షీల్డులు తెచ్చుకున్నాక సెట్టు అటకెక్కుతుంది, దాంతోపాటే నాటకమూ. మగ నటులు ఉద్యోగాలు చేసుకుంటూ జేబు డబ్బుతో ఆడతారు. నటీమణిని చాలాసార్లు బయటి ఊరి నుంచి పారితోషికం ఇచ్చి పిలిపించుకోవాలి, ఆమె వచ్చేసరికి రిహార్సల్స్ సగం అయిపోతాయి. నేను చూసిన ఒక పాత ప్రతిలో తల్లి పాత్ర డైలాగుల మీదే పెన్సిల్ గీతలు ఎక్కువ. ఆ పాత్రను కుదించింది రచయిత కాదు, టైమ్. రెండోసారి ఆడి ఉంటే ఆ తల్లి మాటలు తిరిగొచ్చేవేమో!

ఆడేకొద్దీ నాటకం పదునెక్కుతుంది. ‘కన్యాశుల్కం’ విజయనగరంలో తొలిసారి ఆడింది 1892లో, అచ్చయింది 1897లో. గురజాడ అంతటితో వదల్లేదు. 1909లో దాదాపు తిరగరాశారు. ఈనాడు మనం నెత్తిన పెట్టుకునేది ఆ రెండో కూర్పునే. 1892లో ఓ షీల్డు ఇచ్చి పంపేసి ఉంటే మనకు గిరీశం ఏమాత్రం మిగిలేవాడు? 1885లో మొదలైన సురభి నాటక సమాజం వాళ్లు ‘మాయాబజార్’ను తరాలుగా ఆడుతున్నారు. పాతదని టికెట్ వెనక్కి ఇచ్చినవాళ్లను నేను చూడలేదు.

కొత్త రచయితలకు పరిషత్తులే దిక్కు, పాత కథలకు జనం రారు అనేవాళ్లున్నారు. మొదటి మాట ఒప్పుకుంటాను. రెండోది పరీక్షించకుండానే తేల్చేసిన మాట.

అసలు మన సర్కార్లకు భవనం కడితే కళ బతికినట్టే. కవి కాళోజీ శతజయంతికి 2014లో హనుమకొండ బాలసముద్రంలో శంకుస్థాపన చేసిన కళాక్షేత్రం తలుపులు తెరుచుకున్నది 2024 నవంబర్‌లో. పదేళ్లు! వెయ్యికి పైగా సీట్లున్న హాలది. చందాలు పోగేసుకుని ఆడే సమాజం అందులో అడుగుపెట్టాలంటే ముందు అద్దె అడగాలి. ఇక గద్దర్ సంగతి. గోచీ, గొంగడి, కర్రతో జనం మధ్య ఆడి పాడిన మనిషి పేరు తెచ్చి సినిమా అవార్డులకు పెట్టారు. ఆయన నిలబడ్డది వెండితెర మీదా, వీధి అరుగు మీదా?

కాబట్టి నెలకో ఆదివారం ఆ హాలును పాత నాటకానికి ఉచితంగా వదలాలి. షీల్డులు, జడ్జీలు వద్దు. గతంలో ఆడిన నాటకమే కావాలన్నది ఒక్కటే షరతు. స్క్రిప్టు నకలు ఒకటి అక్కడే దాచాలి. సమాజాలు కూడా ప్రభుత్వం కోసం కూర్చోనక్కర్లేదు. ఆ జాబితాలోంచి ఒక పేరుకు టిక్కు పెట్టి, అప్పటి నటుల్లో ఎవరికి డైలాగులు గుర్తున్నాయో ఈ వారమే ఫోన్ చేసి కనుక్కోవచ్చు.