ఛాసిస్ మీద గ్యాస్ కటర్ పెట్టే ముందు

గత ఆదివారం వనస్థలిపురం ఆటోనగర్‌లో హబ్ బేరింగుల కోసం తిరుగుతుంటే ఒక షెడ్డు వెనుక పాత ఎఫ్‌సీ-150 కనిపించింది. బానెట్ లేకుండా, చదునైన ముఖంతో ఉండే మహీంద్రా జీపు పికప్ అది. ఆశగా దగ్గరికి వెళ్లాను. చూశాక కడుపు తరుక్కుపోయింది. ఇంజను లేదు, గేర్‌బాక్స్ లేదు. ఛాసిస్‌కు, అంటే బండి అడుగు చట్రానికి, అడ్డంగా ఉండే దూలాన్ని గ్యాస్ కటర్‌తో కోసి పక్కన పడేశారు. క్యాబిన్ నేల సగం ఎగిరిపోయింది. ఎవరో పెద్ద ఇంజను పెడదామని మొదలుపెట్టారట. మధ్యలో డబ్బు అయిపోయిందట. రెండు వానాకాలాలు అలాగే తడిసిందట. యజమాని ఇప్పుడు దాన్ని పాత ఇనుము కింద తూకానికి అమ్మేస్తానంటున్నాడు.

వారం గడిచినా ఆ కోపం తగ్గలేదు. అందుకే ఈ పోస్టు.

పాత బండికి కొత్త ఇంజను పెట్టడమే పాపమనే వర్గంలో నేను లేను. మా ఇంటి బండికి నేనే మార్పించాను, అదీ రెండుసార్లు. నేను అడిగేది ఒక్కటే. మీరు చేసే ప్రతి మార్పునూ రేపు ఎవరైనా విప్పి, పాత భాగాలు తిరిగి బిగించగలగాలి. బోల్టులతో ఏమైనా చేయండి. కటర్ మాత్రం పట్టకండి.

మా బండి కూడా ఎఫ్‌సీ-150యే, 1968లో తయారైంది. నాన్న దాన్ని వేలంలో కొన్నారు. నల్లగొండ దగ్గరి మా తోట నుంచి గడ్డిఅన్నారం మార్కెట్‌కు బత్తాయిలు మోసింది అదే. ఈ మోడల్‌ను అమెరికాలో విల్లీస్ కంపెనీ 1956 చివర్లో తెచ్చింది. రూపం గీసినవారు బ్రూక్స్ స్టీవెన్స్. మన దేశంలో మహీంద్రా 1965 నుంచి తయారుచేసింది. ముందు, వెనుక చక్రాల మధ్య దూరం 81 అంగుళాలే. డ్రైవరు దాదాపు ముందు చక్రాల మీదే కూర్చుంటాడు. ఇంజను అతనికీ పక్క సీటుకూ మధ్య, ఒక రేకు మూత కింద ఉంటుంది. ఖాళీ బండిలో బరువంతా ముందుకే ఉండడంతో గట్టిగా బ్రేకు వేస్తే వెనుక భాగం తేలుతుంది. అందుకే తొలి బండ్లకు కంపెనీయే ఛాసిస్ వెనుక కొసన బరువు దిమ్మ బిగించింది. ఇలాంటి బండిలో రెట్టింపు శక్తి పెట్టాలనుకునేవాళ్లు ముందు ఈ సంగతి దగ్గర ఆగి ఆలోచించాలి.

అసలు ఇంజను పేరు హరికేన్. 2.2 లీటర్ల పెట్రోలు ఇంజను. లోపలికి గాలి తీసుకునే వాల్వులు హెడ్డులో, పొగ వదిలేవి బ్లాకులో ఉంటాయి. 4,000 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) వద్ద 75 హార్స్‌పవర్. మంచి ఇంజను. అయితే విడిభాగాల కోసం రాణిగంజ్, పుత్లీబౌలి దుకాణాలన్నీ గాలించాల్సిన రోజులు వచ్చాయి. దానికి తోడు యాక్సిల్ నిష్పత్తి 5.38, అంటే చక్రం ఒక చుట్టు తిరగడానికి షాఫ్టు 5.38 చుట్లు తిరగాలి. టైరు ఎత్తు 30 అంగుళాలు అనుకుంటే గంటకు 80 కిలోమీటర్ల దగ్గరే ఇంజను 3,000 ఆర్‌పీఎంలో అరుస్తుంది. విజయవాడ హైవే మీద వెనుక లారీ హారన్ కొడుతుంటే ఆ అరుపు వింటూ నడపడం నరకం. మార్చాలన్న కోరిక అలా పుట్టింది. ఇప్పటికీ ఆ కోరిక తప్పనిపించదు.

తప్పు తర్వాత జరిగింది. నగరంలో ఒక వర్క్‌షాపు, పేరు చెప్పను, పాత స్కార్పియో నుంచి తీసిన 2.6 లీటర్ల టర్బో డీజిల్ ఇంజనును మా బండిలో కూర్చోబెడతామంది. గేర్‌బాక్స్ సంగతి అడిగితే, “మీ పాతదే ఉండనివ్వండి సార్, ఒక అడాప్టర్ ప్లేటు కొట్టిస్తే చాలు” అన్నారు. నమ్మాను.

లెక్క వేసి ఉంటే నమ్మేవాణ్ని కాదు. మా మూడు గేర్ల పెట్టెలో మొదటి గేరు నిష్పత్తి సుమారు 2.8. దాన్ని యాక్సిల్ 5.38తో గుణిస్తే 15. శక్తిని ముందు, వెనుక చక్రాలకు పంచే ట్రాన్స్‌ఫర్ కేసులో లో-గేరు వేస్తే మళ్లీ 2.46 రెట్లు, అంటే మొత్తం 37. హరికేన్ ఇచ్చే టార్క్, అంటే తిప్పే బలం, సుమారు 155 న్యూటన్ మీటర్లు. చక్రాలకు చేరేసరికి అది 5,700 అవుతుంది. ఆ డీజిల్ ఇంజను 255 ఇస్తుంది. అదే దారిలో అది 9,400 అవుతుంది. గేరు పళ్లు, షాఫ్టు, యాక్సిల్ అన్నీ మొదటి అంకె కోసం పుట్టినవి. ఇంజను దగ్గర వంద పెంచితే చక్రం దగ్గర వేలల్లో పెరుగుతుంది. వర్క్‌షాపుల్లో ఈ గుణకారం ఎవరూ చెప్పరు. హార్స్‌పవర్ అంకె ఒక్కటి చెప్పి అడ్వాన్సు తీసుకుంటారు.

తోట నుంచి బత్తాయి లోడుతో మొదటి ప్రయాణం. నాన్న పక్క సీట్లో ఉన్నారు. చౌటుప్పల్ దాటాక, యాభైలో వెళ్తుండగా, కింద పెద్ద చప్పుడు. వెనుక యాక్సిల్‌కు శక్తి మోసే ప్రొపెల్లర్ షాఫ్టు వెనుక కొసన, కీలులా ఉండే క్రాస్ విరిగింది. ఊడిన షాఫ్టు తిరుగుతూ కొట్టిన దెబ్బకు వెనుక బ్రేకు పైపు తెగింది. ఈ బండి నాలుగు బ్రేకులకూ ఒకే మాస్టర్ సిలిండర్ (పెడల్ నొక్కితే బ్రేకు నూనెను తోసేది), ఒకే దారి. ఎక్కడ తెగినా నాలుగు చక్రాల బ్రేకులూ పోతాయి. పెడల్ నేలకు తగిలింది. హ్యాండ్‌బ్రేకు లాగాను. ఏమీ జరగలేదు. ఈ జీపుల్లో హ్యాండ్‌బ్రేకు డ్రమ్ము చక్రాల దగ్గర ఉండదు, ట్రాన్స్‌ఫర్ కేసు వెనుక ఉండి షాఫ్టునే పట్టుకుంటుంది. ఆ షాఫ్టే ఊడిపోయింది.

నాన్న మాట్లాడలేదు. చేయి చాచి ముందు చక్రాల డ్రైవ్ లివర్ లాగారు. పళ్లు గరగరలాడి పట్టుకున్నాయి. ఇంజను ఇప్పుడు ముందు చక్రాలను పట్టి ఆపసాగింది. బండి మెల్లగా మట్టి అంచుకు చేరి ఆగింది. షాఫ్టు ముందు కొస ఊడి రోడ్డులో గుచ్చుకుని ఉంటే బండి పల్టీ కొట్టేది. ఆ రోజు ఇద్దరం బతికింది విల్లీస్ ఇంజనీర్లు పెట్టిన ఒక లివర్ వల్ల, ఆ లివర్‌ను నలభై ఏళ్లు వాడిన చేతి వల్ల. కొత్త గేర్‌బాక్స్ పెట్టించి, ఫోర్ వీల్ డ్రైవ్ అనవసరమని తీయించి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

విప్పి చూస్తే ఇంకో సంగతి బయటపడింది. కొత్త ఇంజను పట్టాలని గేర్‌బాక్స్‌ను, ట్రాన్స్‌ఫర్ కేసును వెనక్కి జరిపారు. 81 అంగుళాల బండిలో వెనుక షాఫ్టు అసలే పొట్టి. ఇంకా పొట్టిదయ్యేసరికి దాని వాలు పెరిగి, లోడుతో కమాన్ పట్టీలు కదిలిన ప్రతిసారీ క్రాస్ మీద ఒత్తిడి పడింది. రెండువైపులా చక్కటి వెల్డింగే చేశారు, కోణం మాత్రం కొలవలేదు. చాలామందికి తెలియని విషయం మరొకటి. ఈ జీపుల్లో ట్రాన్స్‌ఫర్ కేసు నుంచి షాఫ్టు బయటికి వచ్చే చోటు మధ్యలో ఉండదు, కుడివైపు జరిగి ఉంటుంది. షాఫ్టు శక్తిని రెండు చక్రాలకు పంచే వెనుక డిఫరెన్షియల్ కూడా దానికి తగ్గట్టే పక్కకు ఉంటుంది. మధ్యలోంచి షాఫ్టు వచ్చే మామూలు కారు గేర్‌బాక్స్ తెచ్చి బిగిస్తే షాఫ్టు ఏటవాలుగా పోతుంది. ఇది తెలియకుండా ఎన్ని బండ్లు పాడయ్యాయో!

ఎనిమిది సిలిండర్ల వీ8 ఇంజను పెట్టాలని అడిగే కుర్రవాళ్లకు కూడా ఇదే చెబుతాను. జనరల్ మోటార్స్ వారి ఎల్‌ఎస్ శ్రేణి గొప్ప ఇంజనే. 1997 కార్వెట్ స్పోర్ట్స్ కారులో తొలిసారి వచ్చినప్పుడే 5.7 లీటర్లలో 345 హార్స్‌పవర్ ఇచ్చింది. అమెరికాలో పాత పికప్‌లకు అది పెడతారంటే, అక్కడ దానికి సరిపడే మౌంట్లు, అడాప్టర్లు, గేర్‌బాక్స్‌లు, యాక్సిళ్లు దుకాణంలో దొరుకుతాయి. వీడియోలో మనకు కనిపించేది ఇంజను దింపే పది నిమిషాలు. దాని వెనుక మార్చిన యాక్సిలూ బ్రేకులూ కెమెరా ముందుకు రావు. వేగం రెట్టింపైతే ఆపాల్సిన శక్తి నాలుగు రెట్లవుతుంది. డ్రమ్ము బ్రేకులకు ఆ లెక్క తెలియదు, వేడెక్కి జారిపోతాయి.

రెండోసారి నెమ్మదిగా చేశాం. ఒక మహీంద్రా ఫోర్ వీల్ డ్రైవ్ జీపు నుంచి 2,523 సీసీ డీజిల్ ఇంజను, దానితో పుట్టిన నాలుగు గేర్ల పెట్టె, ట్రాన్స్‌ఫర్ కేసు మొత్తం ఒకే సెట్టుగా తీసుకున్నాం. టర్బో లేదు. కాగితం మీద హార్స్‌పవర్ గొప్పగా ఏమీ ఉండదు, కానీ తక్కువ ఆర్‌పీఎంలోనే లోడు లాగుతుంది. బత్తాయి బండికి కావలసింది అదే. యాక్సిళ్లు మావే ఉంచి, లోపలి క్రౌన్, పినియన్ (ఆ నిష్పత్తిని నిర్ణయించే పళ్ల జత) 4.88కి మార్చాం. ఎనభైలో 3,000 ఉన్నది 2,700కు దిగింది. ముందు చక్రాలకు డిస్కు బ్రేకులు, రెండు భాగాల మాస్టర్ సిలిండర్, షాఫ్టు ఊడినా కింద పడకుండా ఇనుప పట్టీ పెట్టాం. నిజానికి ఈ బ్రేకులు ఇంజనుకంటే ముందే పెట్టించాను. ఇంజను మౌంట్లు ఛాసిస్‌కు ఉన్న పాత రంధ్రాలకే బిగించాం. ఎత్తు సరిపోకపోతే క్యాబిన్ కోయకుండా కొత్త రేకు మూత చేయించాం. ఈ పనికి పట్టిన ఐదు నెలల్లో మూడు నెలలు కొలతలకే పోయాయి.

ఇక చట్టం. మొదటిసారి అనుమతి లేకుండా రోడ్డెక్కించడం నా తప్పు. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు ఆర్.సి. భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. సీఎన్‌జీ, బ్యాటరీ వంటి కిట్లకు ఆ సెక్షన్‌లోనే దారి ఉంది. పాత బండికి మరో ఇంజను పెట్టేవాడికి మాత్రం ఏ కాగితం ఎక్కడ ఇవ్వాలో చెప్పేవారు లేరు. ఒక కౌంటరు నుంచి ఇంకో కౌంటరుకు తిప్పుతున్నారు. మా దరఖాస్తు ఇంకా నడుస్తోంది, అప్పటిదాకా బండి తోట దాటడం లేదు. నిజాయితీగా తనిఖీకి తెచ్చేవాడికి బ్రేకులు, షాఫ్టు, వెల్డింగులు పరీక్షించి నమోదు చేసే పద్ధతి ప్రభుత్వం పెట్టాలి. అది లేకపోతే జనం చాటుగా మార్చి, చాటుగా తిప్పుతారు. ప్రమాదం జరిగాక బీమా కూడా రాకపోవచ్చు.

2021 జులైలో వచ్చిన వింటేజ్ నిబంధనలు కూడా చదవండి. 50 ఏళ్లు దాటిన బండికి ‘వీఏ’ అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇస్తారు. పదేళ్లకు రుసుము 20,000 రూపాయలు. షరతు ఏమిటంటే ఛాసిస్, బాడీ, ఇంజనులో పెద్ద మార్పులేవీ ఉండకూడదు. మా 1968 బండి ఇప్పుడున్న స్థితిలో ఆ నంబరుకు అర్హం కాదు. హరికేన్‌ను తిరిగి పెడితే ఆ దారి మళ్లీ తెరుచుకోవచ్చు. కోసేసిన ఛాసిస్‌కు ఆ ఆశే లేదు.

మా హరికేన్ నాగోలు ఇంట్లో చెక్కపెట్టెలో ఉంది. సిలిండర్లలో నూనె పోసి, నెలకోసారి నాన్న స్వయంగా చేతితో తిప్పుతారు. పాత గేర్‌బాక్స్, పాత క్రౌన్, పినియన్, పాత రేకు మూత, ఒక్కో బోల్టు పొట్లంతో సహా పక్కనే ఉన్నాయి. ఆటోనగర్‌లో ఆ షెడ్డు యజమానికి తూకం ధర మీద కొంత ఎక్కువే ఇస్తానని చెప్పి వచ్చాను. కోసి పడేసిన దూలం ముక్కను కూడా వెతికి పక్కన పెట్టమన్నాను. ఎల్లుండి నాన్నను తీసుకుని మళ్లీ వెళ్తున్నాను.