ఊరూ పేరూ లేని సరుకు

నరసాపురం రేవులో సఖినేటిపల్లికి దాటించే పంటు ఎక్కే బైకుల్లో ఒకటో రెండో వెనక పెద్ద సంచీ కట్టుకుని ఉంటాయి. సంచీ నిండా పార్శిళ్లు. 199 రూపాయల కుర్తీ, 99 రూపాయల చెవిదిద్దులు. డెలివరీ చార్జీ లేదు, సరుకు చేతికొచ్చాక డబ్బిస్తే చాలు. గోదావరి దాటి లంక గ్రామాల దాకా వెళ్తున్న ఈ చవక యాప్‌ల వ్యాపారాన్ని ప్రకటనల మాయ అని కొట్టిపారేయలేం.

జనం అటు మొగ్గడంలో న్యాయం ఉంది. రొయ్యల షెడ్డులో రోజంతా నిలబడి తలలు తీసొచ్చిన అమ్మాయి రాత్రి మంచం మీద పడుకుని మూడొందల రకాల కుర్తీలు చూడొచ్చు. విసుక్కునే సేల్స్‌మన్ లేడు, కాళ్ల చెప్పులు చూసి లెక్కగట్టే షావుకారు లేడు. ఊళ్లో ఫ్యాన్సీ కొట్టులో మగవాడిని లోదుస్తుల సైజు అడగలేక ఎన్నేళ్లు ఇబ్బంది పడ్డారో ఆడవాళ్లనే అడగాలి. మీషో లాంటి యాప్‌లలోని ఫొటోలు వాట్సాప్‌లో పెట్టి, పైన నాలుగు డబ్బులు వేసుకుని అమ్మిన గృహిణులూ మన వీధుల్లోనే ఉన్నారు.

బట్టల వ్యాపారులు ఈ యాప్‌ల మీద పళ్లు నూరుతున్నారు. వాళ్ల బాధ నిజమే. అద్దె, కరెంటు బిల్లు, ఎప్పటికీ వసూలు కాని అరువులు. కానీ గల్లాపెట్టె పైన, లక్ష్మీదేవి పటం పక్కన, ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అన్న బోర్డు తగిలించింది ఎవరు? లోపమున్న సరుకును వెనక్కి తీసుకోకపోవడం 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపారం. జనాన్ని ఫోన్ వైపు నెట్టినవాటిలో ఆ బోర్డు కూడా ఉంది.

కాబట్టి చవకతో మాకు పేచీ లేదు. నిషేధించమని అరిచినా ఒరిగేది లేదు. 2020 జూన్‌లో మన దేశం నిషేధించిన చైనా బట్టల యాప్ షీఇన్, 2025లో రిలయన్స్ చేయి పట్టుకుని తిరిగొచ్చింది. మా పేచీ అల్లా ఊరూ పేరూ లేకపోవడంతోనే. కొట్లో కొన్న చీర రంగు పోతే ఎవరి గుమ్మం ఎక్కాలో తెలుసు. యాప్‌లో అమ్మేవాడు వేరు, యాప్ వేరు. నిలదీస్తే ‘మేం మధ్యవర్తులం’ అంటుంది యాప్. అమ్మకందారు పేరు, చిరునామా, సరుకు ఏ దేశంలో తయారైందీ చూపించాలని 2020 ఈ-కామర్స్ నిబంధనల్లో ఉంది. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పి, నెలలో తేల్చాలనీ ఉంది. ఆ వివరాలు ఎక్కడో అడుగున సన్నక్షరాల్లో పడుంటే, గీత కొట్టేసిన 1,999 ధర మాత్రం పైనే మెరుస్తుంది. ‘ఇంక రెండే మిగిలాయి’ అంటూ లేని తొందర పెట్టడం 2023 నవంబరులో కేంద్రం నిషేధించిన 13 మాయోపాయాల్లో ఒకటి. ఎన్ని యాప్‌లు మానుకున్నాయి?

కుర్తీ బిగుతైతే పోయేది రెండొందలు. హీటర్ రాడ్డో, ఫోన్ చార్జరో నాసిరకమైతే పోయేది ప్రాణం. 2025 మార్చిలో, వస్తువుల నాణ్యతకు ముద్ర వేసే కేంద్ర సంస్థ బీఐఎస్ అధికారులు పెద్ద పెద్ద యాప్‌ల గోదాముల్లోనే ధ్రువీకరణ లేని వస్తువులు పట్టుకున్నారు. కరెంటు సామాను కొనేముందు దాని మీది బీఐఎస్ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూసుకోవడం నిమిషం పని. రిఫండ్ రాలేదని గూగుల్‌లో దొరికిన ‘కస్టమర్ కేర్’ నంబరుకు ఫోన్ చేసి, ఉన్న డబ్బూ దొంగ చేతిలో పెట్టినవాళ్ల సంగతి మరోటి. అలా జరిగితే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పాలి.

మన గోదావరి జిల్లాలకు తగిలే అసలు దెబ్బ వేరే ఉంది. తనకంటూ ఊరూ పేరూ లేని సరుకు మన ఊళ్ల పేర్లు తగిలించుకుంటోంది. ‘ఉప్పాడ’ అని కొట్టి చూడండి, నాలుగైదు వందలకే చీరలు వరస కడతాయి. ఉప్పాడ జాందానీలో బుటా మగ్గం మీదే చేత్తో వేస్తారు. పనితనాన్ని బట్టి ఒక్క చీరకు వారాలు, నెలలు కూడా పడతాయి. నాలుగొందలకు అందులోకి పట్టు కూడా రాదు. 2009లోనే దానికి భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. నరసాపురం క్రోషే లేసుకు ఈమధ్యే, 2024లో దక్కింది. ఆ లేసు అల్లే ఆడవాళ్లకు ఏజెంట్లు ఇచ్చే కూలి మొదటినుంచీ అన్యాయమే, అది యాప్‌ల పాపం కాదు. అసలే అంతంతమాత్రంగా ఉన్న ఆ కూలి మీదకి ఇప్పుడు యంత్రం లేసు ‘హ్యాండ్‌మేడ్’ పేరుతో పోటీకొస్తోంది. ఇంటి అరుగు మీద కూర్చుని కళ్లు పొడుచుకునే మనిషికి ఇంక బేరమాడే బలం ఎక్కడిది?

మూడొందల కోసం వినియోగదారుల కమిషన్ చుట్టూ ఎవరు తిరుగుతారన్నదే ఈ వ్యాపారుల ధీమా. నిజానికి ఉన్న ఊరి నుంచే కేసు వేయొచ్చు, 5 లక్షల లోపు అయితే ఫీజు కూడా లేదు. అంతకుముందే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తే ఫిర్యాదు నమోదవుతుంది. ఆ నమోదేదో గ్రామ సచివాలయాల్లో చేసిపెట్టమనండి, చాలామంది కదులుతారు. భౌగోళిక గుర్తింపు ఉన్న పేరును దొంగతనంగా వాడటం నేరం. దానికి బాధితులు వచ్చి మొర పెట్టుకునేదాకా చేనేత శాఖ ఎదురుచూడక్కర్లేదు. ఆఫీసులో కూర్చునే యాప్ తెరిచి, ఉప్పాడ పేరు తగిలించుకున్న ఆ నాలుగొందల చీరల అమ్మకందార్లకు వరసగా నోటీసులు పంపొచ్చు.