ఉచిత గ్యాసు సరే, దాచేదెక్కడ?

బెజవాడలో రోహిణి కార్తె ఎండకు మధ్యాహ్నం పూట రోడ్లు ఖాళీ అయ్యే రోజుల్లో చలికాలం గురించి ఎవరైనా మాట్లాడితే ఎండదెబ్బ తగిలిందేమో అనుకుంటాం. సరిగ్గా అవే రోజుల్లో జర్మనీ, ఇటలీ, నెదర్లాండ్స్ దేశాలు వచ్చే జనవరిలో ఇళ్ళు వెచ్చబెట్టుకోవడానికి కావాల్సిన గ్యాసును భూమి లోపలికి పంపు చేస్తుంటాయి. వట్టిపోయిన పాత గ్యాసు బావుల్లో, ఉప్పు పొరల్లో తొలిచిన గుహల్లో ఏప్రిల్‌ నుంచి అక్టోబర్ దాకా నింపుతూనే ఉంటారు. వాళ్ళ చలి వాళ్ళది, మనకెందుకు అంటారా? వాళ్ళు కొనే ఓడలూ మనం కొనే ఓడలూ తిరిగేది ఒకే సముద్రం మీద. ఆ సంగతి 2022లో మనకు బాగానే తెలిసొచ్చింది.

యూరప్ ఈ పని ఎగ్గొట్టింది 2021లో. జర్మనీలోని రేడెన్ నిల్వ కేంద్రం పశ్చిమ యూరప్‌లోనే అతి పెద్దది. అప్పట్లో అది రష్యా కంపెనీ గాజ్‌ప్రోమ్ చేతిలో ఉంది. ఆ వేసవిలో వాళ్ళు నింపలేదు, జర్మనీ ప్రభుత్వం ఎందుకు నింపలేదని గట్టిగా అడగనూ లేదు. ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యేసరికి అందులో అడుగున కాస్తే మిగిలింది. అప్పుడు పరుగులు పెట్టారు. నవంబర్ 1 నాటికి నిల్వలు 80 శాతం, తర్వాతి ఏళ్ళలో 90 శాతం నిండాలని 2022 జూన్‌లో యూరోపియన్ యూనియన్ చట్టమే చేసింది. ధర ఎంతైనా సరే కొనాలి కాబట్టి, 2021 మే నెలలో, యూరప్ ధరలకు కొలమానమైన డచ్ మార్కెట్లో మెగావాట్ అవర్‌కు 30 యూరోల లోపు పలికిన గ్యాసు 2022 ఆగస్టులో 300 దాటింది. పది రెట్లు! ముందు వేసవిలో కొని పెట్టుకుంటే తప్పే ఖర్చు అది. బుద్ధి వచ్చి ఆ నిబంధనను కొన్ని సడలింపులతో 2027 దాకా పొడిగించుకున్నారు.

వాళ్ళు అలా ఎగబడితే దెబ్బ తగిలింది ఆసియాకు. పాకిస్తాన్ ఎల్‌ఎన్‌జీ (ఓడల్లో తెచ్చే ద్రవ సహజవాయువు) కోసం 2022 జూలైలో టెండర్ పిలిస్తే ఒక్కటంటే ఒక్క బిడ్ రాలేదు. బంగ్లాదేశ్ అప్పటికప్పటి ధరకు కొనే స్పాట్ మార్కెట్లో కొనలేక వంతులవారీ కరెంటు కోతలు పెట్టుకుంది. మన ప్రభుత్వ గ్యాసు కంపెనీ గెయిల్‌కు గాజ్‌ప్రోమ్ జర్మన్ విభాగంతో దీర్ఘకాల ఒప్పందం ఉండేది, ఆ విభాగాన్ని జర్మనీ ప్రభుత్వం తన అధీనంలోకి తీసుకున్నాక ఓడలు రావడం ఆగిపోయాయి. ఎరువుల ఫ్యాక్టరీలకు ఇచ్చే గ్యాసుకు కోత పడింది. చలి వాళ్ళది, కోత మనది.

ఇక మన వంటింటికి వద్దాం. మనం వాడేది ఎల్పీజీ, యూరప్ భూమిలో దాచేది సహజవాయువు, రెండూ వేరని నాకూ తెలుసు. కానీ ఎల్పీజీ కూడా సగం ప్రపంచానికి చలికాలపు సరుకే. అమెరికా పల్లెల్లో ఇంటి వెనక పెట్టుకునే పెద్ద ట్యాంకులో పోయించుకునే ప్రొపేన్ అదే. అక్కడ తెలివైనవాళ్ళు చలి మొదలయ్యాక లారీకి ఫోన్ చెయ్యరు, ఎండాకాలంలోనే నింపించుకుంటారు. జపాన్ అయితే చట్టమే పెట్టింది. దిగుమతి చేసుకునే కంపెనీలు 40 రోజులకు సరిపడా ఎల్పీజీ నిల్వ ఉంచుకోవాలి. అది కాక ప్రభుత్వం తన సొంతంగా ఐదు చోట్ల నిల్వ కేంద్రాలు కట్టింది, వాటిలో కురాషికి, నమికాత రెండూ భూగర్భ గుహలు.

మన దగ్గరేముంది? దేశంలో 2024-25లో 3 కోట్ల 13 లక్షల టన్నుల ఎల్పీజీ వాడాం, అంటే రోజుకు 85 వేల టన్నుల పైమాటే. అందులో 60 శాతానికి పైగా దిగుమతి, దిగుమతిలో అత్యధిక భాగం గల్ఫ్ నుంచి హోర్ముజ్ జలసంధి దాటి రావాల్సిందే. 2025 జూన్‌లో ఆ జలసంధిని మూసేద్దామని ఇరాన్ పార్లమెంటు తీర్మానిస్తే ఇక్కడ చమురు శాఖలో ఎంత టెన్షన్ పడి ఉంటారో ఊహించుకోవచ్చు. ఎందుకంటే భూగర్భంలో మనకున్నవి రెండే గుహలు. విశాఖలో 60 వేల టన్నులది, మంగళూరులో 2025లో సిద్ధమైన 80 వేల టన్నులది. విశాఖ గుహలో ఉన్నదంతా తీసి దేశానికి పంచితే ఒక్క రోజు పొయ్యిలు కూడా పూర్తిగా వెలగవు. రెండూ కలిపితే రెండు రోజులకు చాలదు. ముడి చమురుకు విశాఖ, మంగళూరు, పాదూర్‌లలో 53 లక్షల టన్నులు దాచుకునే ఏర్పాటు చేసుకున్న దేశం, వంట గ్యాసు దగ్గరికొచ్చేసరికి రేపొచ్చే ఓడ మీద ఆధారపడి బతుకుతోంది.

కొని దాచడం మనకు చేతకాని విద్య అయితే సరిపెట్టుకోవచ్చు. కానీ గుంటూరు చూడండి. మే నెలలో మిర్చి యార్డుకు వేసవి సెలవులు ఇస్తారు, కానీ ఊరి చుట్టూ కోల్డ్ స్టోరేజీలు నిండుగా ఉంటాయి. పంట విరగబడి ధర పడిపోయిన రోజుల్లో అమ్మడం ఇష్టం లేని రైతు టిక్కీలు (మిర్చి బస్తాలు) తీసుకెళ్ళి స్టోరేజీలో పెడతాడు. స్టోరేజీ వాళ్ళు రాసిచ్చిన బాండు మీద బ్యాంకులో అప్పు తెచ్చుకుని ఇల్లు గడుపుకుంటాడు. అద్దె, వడ్డీ, తరుగు లెక్కేసుకుని ఎప్పుడు బయటికి తీయాలో నిర్ణయించుకుంటాడు. కొన్నిసార్లు లెక్క తప్పి నష్టపోతాడు కూడా, అయినా స్టోరేజీ దండగ అనడు. పదో తరగతి తప్పిన రైతుకు అర్థమైన ఈ లెక్క, లక్షల కోట్ల టర్నోవర్ ఉన్న ఆయిల్ కంపెనీలకు అర్థం కాదా?

అర్థం అవుతుంది. అవసరం లేదు, అంతే. నష్టం వస్తే ఖజానా భరిస్తుందని వాళ్ళకు తెలుసు.

ధరలు చూడండి. సౌదీ అరామ్‌కో ప్రతి నెలా ప్రకటించే ధరే మన ఎల్పీజీ దిగుమతికి ఆధారం. 2023 జూలైలో టన్ను ప్రొపేన్ 400 డాలర్లు. యూరప్, జపాన్, కొరియా చలికి సిద్ధమయ్యే అక్టోబర్‌కు అది 600. మూడు నెలల్లో 200 డాలర్ల తేడా అంటే 14.2 కిలోల సిలిండర్‌కు అప్పటి మారకంలో దాదాపు 235 రూపాయలు. ప్రతి ఏడాదీ ఇంత తేడా రాదు, ఒక్కో ఏడాది తిరగబడుతుంది కూడా. కానీ చలి దేశాలు కొనడం మొదలెట్టకముందే కొనగలిగినవాడిది ఎప్పుడూ పైచెయ్యే. అలా కొనాలంటే పోసుకోవడానికి చోటుండాలి.

ఇప్పుడు అసలు లెక్క. ఎల్పీజీని తక్కువకు అమ్మినందుకు మూడు ప్రభుత్వ ఆయిల్ కంపెనీలకు కేంద్రం 2022 అక్టోబర్‌లో 22 వేల కోట్లు ఇచ్చింది. 2025 ఆగస్టులో ఇంకో 30 వేల కోట్లకు ఆమోదం తెలిపింది. మొత్తం 52 వేల కోట్లు, జరిగిపోయిన నష్టానికి. మంగళూరు లాంటి గుహ ఒకటి తొలవడానికి వెయ్యి కోట్ల లోపే పడుతుంది. దేశానికి 30 రోజుల నిల్వ కావాలంటే అలాంటివి ఇంకో ముప్పై కావాలి, వెయ్యి కోట్ల చొప్పునే వేసుకున్నా 30 వేల కోట్లు. వాటిని టన్ను 500 డాలర్ల లెక్కన నింపడానికి పది వేల కోట్ల పైచిలుకు. అంతా పోగా ఆ 52 వేల కోట్లలో ఇంకా పది వేల కోట్ల దాకా మిగిలేవి. పైగా గుహలో పోసిన గ్యాసు ఎక్కడికీ పోదు, కావాల్సినప్పుడు అమ్ముకోవచ్చు. నష్టపరిహారం కింద ఇచ్చిన డబ్బు మాత్రం ఆవిరే.

బాట్లింగ్ ప్లాంట్లలో, పోర్టుల్లో, రిఫైనరీల్లో ట్యాంకులున్నాయి కదా అంటారు. ఉన్నాయి, కానీ అది రోజూ తిరిగే సరుకు, ఆపదకు దాచిన సరుకు కాదు. గ్యాసును పోగేసి పెట్టడం ప్రమాదం అనేవాళ్ళూ ఉన్నారు. 1997 సెప్టెంబర్‌లో విశాఖ రిఫైనరీ మంటల్లో 60 మంది దాకా చనిపోయారు, ఆ భయం న్యాయమైనదే. కానీ అక్కడ అంటుకున్నది నేల మీది ట్యాంకుల్లో గ్యాసు, సముద్ర మట్టానికి 200 మీటర్ల దాకా లోతున రాతిలో ఉన్నది కాదు. గల్ఫ్ మీద ఆధారం తగ్గించుకోవడానికి అమెరికా నుంచి 2026కు 22 లక్షల టన్నులు తెచ్చుకునే ఒప్పందం చేసుకున్నాంగా అన్నది మూడో వాదన. మంచిదే. కాకపోతే గల్ఫ్ ఓడ కొద్ది రోజుల్లో వస్తే అమెరికా ఓడకు నెల దాటుతుంది. దారి పొడుగైన కొద్దీ నిల్వ ఇంకా ఎక్కువ కావాలి గానీ తక్కువ కాదు.

ఈ జబ్బు గ్యాసు ఒక్కదానిదే అయితే ఇంత రాయనక్కర్లేదు. బెజవాడ పక్కనే ఇబ్రహీంపట్నంలో నార్ల తాతారావు థర్మల్ కేంద్రం ఉంది. గనులకు దూరంగా ఉండే ఇలాంటి కేంద్రాలు ఫిబ్రవరి నుంచి జూన్ దాకా 26 రోజుల బొగ్గు ఉంచుకోవాలని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ నిబంధన. వానలు పడితే గనుల్లో తవ్వకం తగ్గుతుంది, తడిసిన బొగ్గు బంకర్లలో అంటుకుపోయి మిల్లుల్లోకి జారదు. అందుకే ఎండల్లోనే యార్డు నింపుకోవాలి. నిబంధన కాగితం మీద ఉంటే సరిపోదు, బొగ్గుకు ముందే డబ్బు కట్టాలి. కరెంటు తయారుచేసే జెన్‌కో కట్టాలంటే, దాన్ని కొని ఇళ్ళకు పంచే డిస్కంలు దానికి బాకీ తీర్చాలి, డిస్కంలు తీర్చాలంటే ప్రభుత్వం సబ్సిడీ సొమ్ము సకాలంలో విడుదల చెయ్యాలి. ఈ గొలుసులో ఎక్కడ ముడి పడినా మొదట తగ్గేది యార్డులో బొగ్గు కుప్పే. 2022 ఏప్రిల్‌లో ఏం జరిగిందో గుర్తుందిగా. పరిశ్రమలకు పవర్ హాలిడే, నిరంతరం నడిచే ఫ్యాక్టరీలకు సగం కరెంటు, బొగ్గు రైళ్ళకు దారివ్వడానికి దేశమంతటా ప్యాసింజర్ రైళ్ళు రద్దు.

మన రాజకీయాల్లో నిల్వకు ఓట్లు లేవు. 2024 దీపావళి నుంచి దీపం పథకంలో రాష్ట్ర ప్రభుత్వం ఏటా మూడు సిలిండర్లు ఉచితంగా ఇస్తోంది. ఫొటోలున్నాయి, సభలున్నాయి, సిలిండర్ పక్కన నిలబడ్డ మంత్రులున్నారు. పథకాన్ని నేను తప్పుపట్టను, కట్టెల పొయ్యి పొగ మింగిన ఆడవాళ్ళకు అది పెద్ద ఊరట. కానీ ఆ మూడు సిలిండర్లలోకి గ్యాసు ఎక్కడి నుంచి వస్తుంది, ఆ ఓడ పది రోజులు ఆలస్యమైతే ఏం చేస్తారు అని అసెంబ్లీలో ఒక్కరైనా అడిగారా? అధికారంలో ఉన్నవాళ్ళకు గుహ దగ్గర కొబ్బరికాయ కొట్టడానికి ఒక్క రోజే దొరుకుతుంది, తర్వాత అది కనపడకుండా భూమిలో ఉంటుంది. అందుకే ప్రతిపక్షం కూడా దాని జోలికి రాదు.

ఢిల్లీలో ప్రభుత్వం నిలబడటానికి తెలుగుదేశం ఎంపీలు 16 మంది మద్దతు కావాల్సిన కాలం ఇది. అమరావతికీ పోలవరానికీ అడుగుతున్నట్టే ఇంకో రెండు విషయాలు కూడా అడగాలి. ఎల్పీజీ తెచ్చే కంపెనీలు ఇన్ని రోజుల నిల్వ ఉంచుకోవాలని జపాన్ తరహా చట్టం ఒకటి, మన తీరంలో గట్టి రాయి ఉన్న చోట మరో గుహకు సర్వే రెండోది. కంపెనీల నష్టాల పేరుతో మళ్ళీ ఏ బడ్జెట్లోనైనా వేల కోట్ల పద్దు కనిపిస్తే, నిల్వలకు పెట్టింది ఎంత అని ఆ 16 మందిలో ఒక్కరైనా లేచి అడగాలి.