తులాభారంలో బిళ్లల లెక్క

మనిషి ఎత్తును నోట్లతో కొలుస్తూ మీరు రాసిన వ్యాసం చాలా నచ్చింది. 500 నోటు పొడవు 15 సెంటీమీటర్లు కదా, పది నోట్లు వరుసగా పేరిస్తే సరిగ్గా మా అమ్మంత! అంటే అమ్మ ఎత్తు ఐదు వేల రూపాయలు. కానీ బరువు లెక్క ఇంకా సరదాగా ఉంటుంది. తిరుమలలో మా పాపకు ఐదు రూపాయల బిళ్లలతో తులాభారం మొక్కు తీర్చాం. పాప 15 కిలోలు. 2011లో వచ్చిన పసుపు రంగు బిళ్ల 6 గ్రాములు, ఆ లెక్కన 2,500 బిళ్లలు, 12,500 రూపాయలు. అదే పాత తెల్ల బిళ్లయితే 9 గ్రాములు (ఎంత మందంగా ఉండేదో!), దాదాపు 8,300 రూపాయలకే తూగేది. తక్కెడ పైకి లేవగానే పాప గొలుసులు రెండు చేతులా పట్టుకుని కిలకిలా నవ్వింది. మూటలు సర్దుతుంటే వచ్చిన ఆ గలగల నాకింకా వినిపిస్తూనే ఉంది. బరువు గురించి కూడా తప్పకుండా రాయండి.