అప్పారావు గారి సర్‌నేమ్

ఒడిశాలోని బరంపురం బజార్లో నిలబడి "రావు గారూ" అని ఒక్క కేక వేయండి. కూరల సంచీ మోస్తున్న పెద్దాయన, స్కూటర్ స్టార్ట్ కాక తంటాలు పడుతున్న కుర్రాడు, కిళ్లీ కట్టే ఆసామీ, అందరూ తిరుగుతారు. పేరు చివరి ముక్కే ఇంటిపేరనుకునే ఆఫీసుల దృష్టిలో వీళ్లంతా ఒకే కుటుంబం. అందరికీ కలిపి ఒకటే రేషన్ కార్డు ఇవ్వకపోవడం వాళ్ల మంచితనం.

అప్పారావు అంటే అర్థమేంటి? రావు అంటే రాజు, అక్కడ పేచీ లేదు. అప్ప అంటే తండ్రి అని పండితులు. ఉత్తరాంధ్ర ఇళ్లలోనేమో అప్ప అంటే అక్క. పక్కింటి ఒడియా ఆవిడ కూడా తన అక్కని "అపా" అనే పిలుస్తుంది. మీసం మెలేసే అప్పారావు గారు నాన్న తరఫు రాజో, అక్క తరఫు రాజో తేల్చడానికి కమిటీ వేయాల్సిందే. నా ఓటు మాత్రం సింహాద్రి అప్పన్నకి. అప్పన్న, అప్పలనాయుడు, అప్పలస్వామి, అప్పలకొండ, అప్పలనర్సమ్మ, అంతా ఆ కొండ దిగివచ్చిన బలగమే. 13వ శతాబ్దంలో ఆ గుడిని తిరిగి కట్టించిందీ, కోణార్క్ కట్టించిందీ ఒకే గాంగ రాజు, నరసింహదేవుడు. అంటే మా పేరులో ఒడిశా పెట్టుబడి కూడా ఉంది. కౌంటర్ దగ్గర ఆ వాటా ఎవరికీ గుర్తుండదు.

1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు బరంపురం ఇటొచ్చింది. ఇంటిపేరు ముందుండాలన్న పద్ధతి మాత్రం అటే ఉండిపోయింది. గుమస్తా బాబు మా ఇంటిపేరుని మొదటి గడిలో పడేసి, అప్పాని మధ్యలో ఇరికించి, రావుని సర్‌నేమ్ గడిలో కూర్చోబెట్టాడు. "బాపాంక నాఁ?" అన్నాడు, అంటే నాన్న పేరేంటని. సూర్యనారాయణ అన్నాను. పెన్ను ఆగింది. కొడుకు రావు, తండ్రి నారాయణ! మా అమ్మ బతికుండగా ఆ చూపు చూసుంటే ఫారంతో పాటు గుమస్తా కూడా చిరిగేవాడు. చివరికి మా నాన్నే మా నాన్నని అఫిడవిట్ ఇచ్చుకున్నాను.

ఈ ఊళ్లోనే 1894లో పుట్టి రాష్ట్రపతి అయిన వి.వి. గిరి గారికే తప్పలేదు. వరాహగిరి అన్న నిండు ఇంటిపేరు ఒక్క "వి"లో సర్దుకుంది. వెంకటగిరిలో తోక ముక్క దేశానికంతా సర్‌నేమ్ అయింది.

మొన్న మనవడు పుట్టాడు. నా పేరు పెట్టమంటే కోడలు టెన్షన్ పడింది. మధ్యేమార్గంగా "అయాన్ష్ రావు" అన్నారు. అప్ప పోయాడు, ఇంటిపేరు ఊసే లేదు. ఫారం మాత్రం ఒక్కసారికే పాసైంది.